ఖిల్లాలో తాత కొన్న తువ్వాల

మా చిన్నప్పుడు... జగిత్యాల ఖిల్లా ముందు మమ్మల్ని వరుసగా నిలబెట్టి తాత చేసిన ఉపన్యాసం తలచుకుంటే నాకు ఇప్పటికీ తలనొప్పి వస్తుంది.

"ఎవ్వని మొకం సూడద్దు. ఎవ్వడేమిచ్చినా తీస్కోవద్దు. యాడికెళ్లి అచ్చిన్రని అడిగితె గొల్లపల్లి అని చెప్పున్రి. సిరిసిల్ల అన్నరో... దూరపోళ్లని దోస్కుంటరు."

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. చిన్నమ్మ కొడుకు పుట్టువెంట్రుకలకని సిరిసిల్ల నుంచి జగిత్యాల వచ్చాం. తెల్లారేసరికి సమ్మె... బస్సులు బంద్. అమ్మ, బాపు, తాత, నేను, నలుగురం ఆ చిన్న ఇంట్లో ఇరుక్కుపోయాం. మూడో రోజుకి చిన్నమ్మే విసిగిపోయి, "పోయి ఖిల్లన్న సూసి రాన్రి" అని బయటికి తోలింది.

తాతకు ఆ భయం ఊరికే రాలేదు. ఎప్పుడో హైదరాబాద్‌లో కోట చూడబోతే, గైడునని చెప్పి ఒకడు వెంటపడి, నలుగురు రాజుల పేర్లు చెప్పి, చివరికి తాత చేతి గడియారం కొట్టేసి పోయాడట. అప్పటి నుంచి తాత లెక్కలో లోకంలో సగం మంది దొంగలు, మిగతా సగం దొంగల చుట్టాలు.

ఆ రోజు ఎండ మండిపోతోంది... నాకు నోరెండిపోయింది. కందకం పక్క ఇంటి ముందు కూర్చున్న ఒక ముస్లిం పెద్దావిడ మమ్మల్ని చూసి చెంబుతో నీళ్లు తెచ్చింది. "తాగు బేటీ, ఎండకు మొకం ఎట్ల గుంజుకపోయిందో సూడు" అంది. నేను చెయ్యి చాపాను. తాత నా చెయ్యి పట్టి లాగేశాడు.

"అద్దమ్మా, మేం తాగే అచ్చినం."

ఆవిడ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

లోపల మేకలు మేపుకుంటున్న ముసలాయన ఒకరు, "ఫిరంగి గటు దిక్కున్నది, సూపిస్త రాన్రి" అన్నాడు. తాత ఆయన మీద అంతెత్తున లేచాడు. "మామా, గట్ల మొత్తుకోకు, నల్గురు సూస్తున్నరు" అని అమ్మ బతిమాలింది. ఖిల్లాకు పోయి ఫిరంగి చూడకుండా తిరిగొచ్చిన కుటుంబం మాదొక్కటే అయ్యుంటుంది.

సరే... ఇంత జాగ్రత్త గల మనిషిని పట్టినవాడు ఎలాంటివాడో చూడండి. గోడ నీడలో కూర్చున్నాడు. పిలవలేదు, వెంటపడలేదు. ఒక పాత తువ్వాలను మెల్లగా మడత పెట్టుకుంటున్నాడు, అంతే. తాత కాళ్లు ఆగిపోయాయి.

ఆగవా మరి... తాత బతుకంతా చేతిమగ్గం మీదే గడిచింది. మా ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, వచ్చాక బాపు వాటి మీద తువ్వాలలు నేసేవాడు. తాత ఆ బట్టను ముట్టేవాడు కాదు. "కరెంటు నేసిన బట్ట" అని మూతి తిప్పేవాడు. చెమట తుడుచుకోవడానికి చిరిగిన ధోవతి ముక్క వాడేవాడు కానీ కొడుకు నేసింది వాడేవాడు కాదు. బాపు పండుగ పండుగకూ ఒక కొత్త తువ్వాల తెచ్చి తాత మంచం మీద పెట్టేవాడు... సాయంత్రానికి అది మడత విప్పకుండా అక్కడే ఉండేది. బాపు దాన్ని తీసి లోపల పెట్టేసేవాడు.

"మీ సేతులు సూస్తెనే తెలుస్తున్నది పెద్దమనిషీ... నేతోళ్లు గదా," అన్నాడు ఆ నీడలో మనిషి. "మా ముత్తాత గీ ఖిల్ల సిపాయిలకు నేసిన బట్ట ఇది. పెట్టె అడుగున ఉండె. తెలిసినోళ్లకే ఇస్త."

తాత తువ్వాలను వేళ్ల మధ్య రుద్దాడు. ఎండకు ఎత్తి చూశాడు. వాసన కూడా చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"సూడురా," అని బాపు వైపు తిరిగాడు. "గిది బట్ట అంటె! గా అంచు పొంటి సన్నటి సందు సూసినవా... సేత్తోని నేస్తెనే గట్లస్తది. నేసినోడు మనసు పెట్టి నేసిండు. నీ సాంచ ఏడు జన్మలెత్తినా గిట్ల నెయ్యది."

బేరమైనా ఆడకుండా డబ్బులిచ్చేశాడు. సిపాయిలు భుజాన తువ్వాల వేసుకుని యుద్ధం చేశారా అని కూడా అడగలేదు!

బాపు తువ్వాల అందుకున్నాడు. ఆ అంచు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. నేనూ చూశాను. మా సాంచాకు ఒక రోగం ఉండేది... ఎడమ అంచు పక్కన ఒక పోగు తప్పిపోయి సన్నటి సందు పడేది. అట్లా నేసిన తువ్వాలలు, నూలిచ్చి నేయించుకునే మా ఆసామి తీసుకెళ్లి ఎక్కడెక్కడో అమ్మేవాడు. బడి లేని రోజుల్లో వాటిని మడత పెట్టింది నేనే. చాయ్ నీళ్లలో ముంచి పాతబట్టలా చేసినంత మాత్రాన నాకు తెలియదా...

"తాతా, ఇది మన..." అన్నానో లేదో, బాపు నా జబ్బ మీద గట్టిగా గిల్లాడు.

"అవ్ నాయినా, మంచిగున్నది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నీళ్లిచ్చిన మనిషిని దొంగను చేసి, దొంగను నెత్తిన పెట్టుకున్నాడు... పైగా బాపు వంత పాడుతున్నాడు! తిరుగు దారిలో తాత ఆ తువ్వాల భుజాన వేసుకుని ముందు నడుస్తుంటే, నేను బాపును నిలదీశాను.

"గది మన బట్టనే గదా బాపూ. గా మనిషి మోసం జేసిండు. ఎందుకు చెప్పలే?"

బాపు తాత భుజం మీది తువ్వాల వైపు చూశాడు.

"చెప్తె మల్ల పక్కకు పడేస్తడు బిడ్డా. నేసినోడు మనసు పెట్టి నేసిండన్నడు... ఇన్నవా?"

ఆ మాట కోసం ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తాత బతికున్నన్నాళ్లూ ఆ తువ్వాల ఆయన భుజం దిగలేదు. వచ్చిన ప్రతివాళ్లకూ అంచు చూపించి అదే పాట పాడేవాడు. బాపు పక్కన కూర్చుని ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వినేవాడు. ఇద్దరూ ఇద్దరే... ఒక్క మాట విప్పి చెప్పుకుంటే ఏం పోయేది! ఇప్పటికీ తలచుకుంటే విసుగే నాకు.

ఈ రోజుల్లో ఏ కోటకు పోయినా ముందు ఫోన్‌లో చూసుకుంటున్నాం... ఎవరిని నమ్మొద్దో, ఏది కొనొద్దో అన్నీ అందులోనే ఉంటాయి. మమ్మల్ని మోసం చేయడం అంత సులువు కాదు. కానీ బాపు సాంచా ఆపేసి చాలా ఏళ్లయింది... ఆయన నేత బాగుండేదని నేను కూడా ఒక్కనాడూ అనలేదు.

మీ ఇళ్లల్లోనూ ఇట్లా నోటి దాకా వచ్చి ఆగిపోయిన మంచి మాట ఉంటే కింద రాయండి...

బాపు పక్క గదిలోనే ఉన్నాడు. నేనే ఇంకా లేవలేదు.