కబడ్డీ కాళ్ళు, బాక్సింగ్ చెయ్యి

2023 వానాకాలం. కొండాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన, మూడో అంతస్తులో మా బాక్సింగ్ జిమ్. కింద దోసెల పెనం చుయ్యిమంటుంటే పైన మేము గుద్దుకుంటూ ఉంటాం. నేను విశాఖపట్నం వాణ్ణి. కుర్రతనమంతా రింగులోనే గడిచింది, ఇప్పుడు కోచింగ్ ఇస్తున్నాను. ఆఫీసులు వదిలాక ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలే నా శిష్యుల్లో ఎక్కువ. వచ్చిన మొదటి రోజే ఎదుటివాణ్ణి ఒక్క దెబ్బకు పడగొట్టడం ఎలాగో చెప్పమంటారు. నేనేమో నెల రోజుల పాటు జాబ్ తప్ప ఇంకోటి నేర్పను. సగం మంది మొహం చాటేస్తారు. పోనివ్వండి.

జాబ్ అంటే ఈ చుట్టుపక్కల అందరికీ ఉద్యోగమే గుర్తొస్తుంది కానీ నేను చెప్పేది గుద్దు సంగతి. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక పెట్టి నిలబడతాం. ఎడమ పిడికిలి గడ్డం దగ్గర్నుంచి తిన్నగా వెళ్ళి తగిలి, వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. చూడటానికి ఇంతే. అసలు కథంతా కాళ్ళలో ఉంది. వెనక కాలు నేలను తన్నాలి, ముందు కాలు జానెడు ముందుకు పడాలి, అది పడేటప్పుడే పిడికిలి తగలాలి, వెనక కాలు కూడా అంతే దూరం జరిగి రావాలి. అప్పుడు మనిషి బరువంతా ఆ గుద్దులో ఉంటుంది. కాలు కదపకుండా చెయ్యి చాపితే అది ఈగను తోలడమే. ఈ విషయం ఎత్తితే నాకు అన్నం కూడా గుర్తు రాదు, కావాలంటే మా ఆవిడను అడగండి.

ఆ వానల్లోనే స్వప్న వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, వాళ్ళది చందానగర్. హైటెక్ సిటీలో ఒక కంపెనీ రిసెప్షన్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేది. చిన్నప్పట్నుంచీ కబడ్డీ ఆడింది, కూతకు వెళ్ళడంలో దిట్ట. పోలీసు ఉద్యోగం ఆమె కోరిక. తాను అనుకున్న స్పోర్ట్స్ కోటాలో దరఖాస్తు పెట్టాలంటే నేషనల్స్ ఆడిన సర్టిఫికెట్ కావాలి. కబడ్డీలో రాష్ట్ర జట్టు దాకా వెళ్ళి రిజర్వులోనే ఆగిపోయింది. బాక్సింగ్‌లో తన బరువు వాళ్ళు తక్కువని ఎవరో చెబితే గ్లవ్స్ కొనుక్కుని నా దగ్గరికి వచ్చేసింది. మరో ఏడాది దాటితే వయసు అడ్డం వస్తుంది. మొదటి రోజు తోడుగా వచ్చిన వాళ్ళమ్మ ఒకటే మాట అంది.

"కబడ్డీ అంటే సరే సార్, గిదేం ఆట, మొకం మీద కొట్టుకునుడు. జర చూస్కోండ్రి."

చూసుకుంటానన్నాను. ఆ పిల్ల ఊపిరి చూసి, వేగం చూసి నాకు లోపల్లోపల గంతులు వేయాలనిపించింది. ఇలాంటి శరీరం దొరకడానికి కోచ్‌లు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. కానీ జాబ్ వేయమంటే చాలు, పాలల్లో ఉప్పుకల్లు పడ్డట్టయ్యేది. చెయ్యి బారెడు చాపేది, నడుము ముందుకు వంచేది, కాలు మాత్రం మేకు కొట్టినట్టు అక్కడే ఉండేది. చెయ్యి తగిలీ తగలకముందే ఒళ్ళంతా వెనక్కి లాగేసుకునేది. కబడ్డీలో అది గొప్ప విద్య. వేలి కొస తగిలితే పాయింటు, ఇక ప్రాణం అరచేత పట్టుకుని గీత దగ్గరికి పారిపోవాలి. రింగులో అలా తాకితే ఎవరికి నొప్పి? పైగా తల ముందుకు వచ్చి ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ళ కుడిచేతికి అది తేరగా దొరుకుతుంది. రెండు పోటీల్లో ఆడించాను. రెండింట్లోనూ ఒకే అమ్మాయి, నిజామాబాద్ నుంచి వచ్చిన పొడుగు పిల్ల, నింపాదిగా నిలబడి కుడిచేత్తో వాయించి గెలిచింది. రాష్ట్ర జట్టు ఎంపికల్లోనూ అడ్డం వచ్చేది ఆ పిల్లే.

ఒక ఆదివారం చందానగర్‌లో కబడ్డీ మ్యాచ్ ఉందని, పాత జట్టు పిలిచిందని స్వప్న సెలవు అడిగింది. నేను కూడా వస్తానన్నాను. వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. రెండో కూతలోనే లేచి నిలబడిపోయాను.

కబడ్డీ కోర్టులో ప్రత్యర్థుల వైపు లోపలగా బోనస్ లైన్ అని ఒకటి ఉంటుంది. కూతకు వెళ్ళినవాళ్ళు ఒక కాలితో దాన్ని దాటి, రెండో కాలు గాలిలో ఉంచితే అదనంగా ఒక పాయింటు. స్వప్న ఆ గీతను దాటిన తీరు చూడాలి. వెనక కాలు నేలను తన్నింది, ముందు కాలు కత్తిలా దూసుకెళ్ళి పడింది, ఒళ్ళు నిటారుగా ఉంది, చూపు ఎదుటివాళ్ళ మీదే ఉంది. నేను మూడు నెలలుగా గొంతు చించుకుని అడుగుతున్న అడుగు అదే. ఎక్కడో లేదు, ఆ పిల్ల కాళ్ళలోనే ఉంది. పక్కన కూర్చున్న పెద్దాయన్ని వాటేసుకోబోయి ఆగాను.

మర్నాడు జిమ్ నేల మీద పసుపు టేపుతో అడ్డంగా గీత అంటించాను. అవతల నిలబడి చేతులకు పాడ్స్ తొడుక్కున్నాను. అవి దెబ్బలు కాచుకునే మెత్తటి దిండ్లు. "అది బోనస్ లైన్. కాలు దాటినప్పుడే పిడికిలి తగలాలి. వెనక కాలు మాత్రం గాల్లోకి లేపకు, నేల మీదే ఈడ్చుకురా" అన్నాను. మొదట్లో కాలు ఒకసారి, చెయ్యి ఒకసారి వెళ్ళాయి. ఆ తర్వాత ఠప్‌మని ఒకే చప్పుడు. నా చెయ్యి మణికట్టు నుంచి భుజం దాకా అదిరింది. ఆ పిల్ల నవ్వింది, నేను ఇంకా గట్టిగా నవ్వాను. వారం పోయాక టేపు పీకేసి, ఇకనుంచి ఎదుటి అమ్మాయి ముందు కాలి బొటనవేలే బోనస్ లైన్ అని చెప్పాను. కిందికి చూడకుండా గీత ఎక్కడుందో పసిగట్టడం కబడ్డీ వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఎంపికల రోజు వచ్చింది. ఫైనల్లో అనుకున్నట్టే నిజామాబాద్ అమ్మాయి. మొదటి రౌండ్ గంట మోగింది. జిమ్‌లో దూసుకెళ్ళిన కాలు అక్కడ మళ్ళీ మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. మళ్ళీ అదే చెయ్యి చాపడం, అదే వెనక్కి లాక్కోవడం. ఆ అమ్మాయి కుడిచెయ్యి రెండుసార్లు శుభ్రంగా తగిలింది. రౌండ్ పోయింది. స్టూలు వేసి కూర్చోబెట్టి మొహం తుడుస్తూ, తిట్టాలని నోటిదాకా వచ్చినా ఆపుకుని, ఏమైందమ్మా అని అడిగాను.

"తెల్వకుండనే ఎనకకు వస్తున్న సార్. కాలు లోపల పెడితే పట్టుకుంటరు అనిపిస్తుంది."

అప్పుడు అర్థమైంది నాకు. పదేళ్ళ కబడ్డీలో లోపలికి వెళ్ళిన ఆమె కాలిని ఎంతమంది పట్టుకుని ఉంటారు, ఎన్నిసార్లు మడమ పట్టి మట్టిలో పడేసి ఉంటారు. కోర్టులో బోనస్ అడుగు వేసిన మరుక్షణం పారిపోవచ్చు, ఇక్కడ గుద్దు తగిలేదాకా కాలు లోపలే ఉండాలి. జిమ్‌లో నేను ఎదురుగా ఉంటే ఆ భయం లేదు. నిజమైన శత్రువు ఎదురుపడేసరికి కాలికి అన్నీ గుర్తొచ్చేశాయి. నేను ఆమె ఎడమ మోకాలి మీద చెయ్యి వేశాను.

"ఇది బాక్సింగమ్మా. ఇక్కడ నీ కాలు ఎవ్వరూ పట్టుకోరు. పట్టుకుంటే ఫౌల్."

ఆమె నా వైపు అదోలా చూసింది, అంతవరకూ ఆ సంగతి ఎవరూ చెప్పనట్టు. తర్వాత మౌత్‌గార్డ్ నోట్లో పెట్టుకుని లేచింది.

రెండో రౌండ్‌లో మొదటి జాబ్‌కే ఆ పొడుగు పిల్ల తల వెనక్కి ఊగిపోయింది. ఆశ్చర్యంతో కుడిచెయ్యి విసిరింది, కానీ ఈలోపే స్వప్న తన అడుగు తాను వెనక్కి తీసేసుకుంది. లోపలికి, బయటికి. మళ్ళీ లోపలికి. తాకి తప్పించుకోవడం ఎలాగూ వచ్చు, ఇప్పుడు తాకిడిలో బరువు కూడా వచ్చింది. గ్యాలరీలోంచి వాళ్ళమ్మ బోనస్, బోనస్ అని అరుస్తోంది. బాక్సింగ్ చూడటానికి వచ్చిన వాళ్ళంతా ఆమె వైపు వింతగా చూశారు. మూడో రౌండ్‌లో నేను కార్నర్‌లో నిలబడి గాల్లోకి జాబ్‌లు విసురుతుంటే రిఫరీ నన్నే హెచ్చరించాడు. చివరికి గెలిచిందని రిఫరీ స్వప్న చెయ్యి పైకెత్తినప్పుడు నేను ఏడ్చాను. సిగ్గేం లేదు.

నేషనల్స్‌లో మొదటి బౌట్‌లోనే ఓడిపోయింది. అయినా ఆడినట్టు సర్టిఫికెట్ చేతికొచ్చింది, వయసు దాటకముందే దరఖాస్తు పడింది, ఇప్పుడు ఖాకీ వేసుకుని తిరుగుతోంది. నాకు మిగిలింది మాత్రం ఆ స్టూలు దగ్గరి నిమిషమే. చేతికి ఏం చెయ్యాలో చెబితే చాలు, నేర్చుకుంటుంది. కాలు అలా కాదు, దానికి తన గతం ఉంటుంది. ఇప్పుడు ఎవరి అడుగైనా ముందుకు పడకపోతే అడుగు వెయ్ అని నేను కేకలు పెట్టను. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కాలిని ఎప్పుడు, ఎవరు పట్టుకున్నారో అడుగుతాను.