ప్రేమమ్మకు ఏ రంగూ రాలేదు

కోటిరత్నం వినుకొండ దగ్గర ఒక పల్లెలో పదిహేడేళ్లుగా ఆశా కార్యకర్త. ఎవరికి బీపీ ఉందో, ఎవరు మాత్రలు మధ్యలో మానేశారో ఆమెకు నోటికి వచ్చు. రెండేళ్ల కిందట ఆమె చేతికి ట్యాబ్ ఇచ్చారు. ఇంటింటి వివరాలూ ఎక్కిస్తే ఎవరికి ముప్పు ఎక్కువో అదే తేల్చి, ఆ పేర్లు ఎర్రగా చూపిస్తుంది. ఆ ఇళ్లకు వారం వారం వెళ్లాలి. జబ్బు ముదరకముందే పట్టుకుంటే మనిషీ దక్కుతాడు, ఆసుపత్రి ఖర్చూ తగ్గుతుందని చెప్పారు.

అది అబద్ధమేమీ కాదు. టైలర్ హుస్సేన్ సాహెబ్ పేరు మొదటి వారమే ఎర్రగా వచ్చింది. "నాకేం రోగం తల్లీ, గుండ్రాయిలా ఉన్నా" అన్న మనిషికి బీపీ రెండొందలు దాటింది. ఈరోజుకీ మిషను తొక్కుతున్నాడంటే ఆ ట్యాబ్ చలవే.

ప్రేమమ్మకు మాత్రం అది అక్కరకు రాలేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆమె గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్లి, చేల దగ్గరే గుడిసె వేసుకుని ఉండేది. సర్వే జరిగిందీ ఆ నెలల్లోనే. కోటిరత్నం మూడుసార్లు వెళ్లినా తలుపుకు తాళమే. మూడోసారి ట్యాబ్‌లో 'ఇంట్లో లేరు' అని నొక్కగానే ఆ పేరు ఏ రంగూ లేకుండా పక్కకు పోయింది.

మే నెలలో ప్రేమమ్మ బోరింగు దగ్గర కనిపించింది.

"ఏంటి ప్రేమక్కా, మొహం అట్టా ఉబ్బింది?"

"ఎండకిలేమ్మా. ఒళ్లునొప్పుల బిళ్లలు మింగుతున్నాగా, తగ్గిద్ది."

"ఆ బిళ్లలు ఆపెయ్. రేప్పొద్దున వచ్చి బీపీ చూస్తా."

పొద్దున్నే సూపర్‌వైజర్ ఫోను. "ఎర్ర ఇళ్లు ఇంకా తొమ్మిది మిగిలాయమ్మా, ముందు అవి కానివ్వండి." ఆ తొమ్మిదీ అయ్యేసరికి వారం దాటింది. ఈలోగానే ప్రేమమ్మను గుంటూరు తీసుకెళ్లారు. మూత్రపిండాలు రెండూ పోయాయన్నారు. నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. ఐదోసారికి ఆమె లేదు.

సమాధి దగ్గర కూతురు మహిమ ఏడవలేదు. "వస్తానన్నావంటగా పిన్నీ. ఆ రోజు అమ్మ పనికి పోకుండా నీకోసం కూచుంది" అంది.

ఆగస్టు మీటింగులో, ఆసుపత్రిలో చేరేవాళ్లు బాగా తగ్గిన ఊరని కోటిరత్నానికి శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని ఇచ్చిన మైకు ఆమె వెంటనే వదల్లేదు.

"మా ఊరి నుంచి కోతలకు పోయేవాళ్లు అరవై మంది సార్. వాళ్లలో ఒక్కరూ మీ లెక్కలో లేరు."

"మంచి పాయింటమ్మా, రాసుకున్నాం" అన్నాడు అధికారి. నిజంగానే రాసుకున్నాడు.

మళ్లీ సర్వే జనవరిలోనే పెట్టారు.

ఒక ఆదివారం కోటిరత్నం బీపీ మిషను సంచిలో వేసుకుని, బస్సెక్కి మిరపచేలకు వెళ్లింది. సాయంత్రానికి ఇరవై ముగ్గురిని చూసింది. ఏడుగురికి బీపీ ఎక్కువగా ఉంది. వేరే మండలంలో ఉన్నందున ట్యాబ్ ఆ పేర్లు తీసుకోలేదు. కాగితం మీద రాసుకుంది.

చివరి సాలులో, తల్లి చోట మహిమ కాయలు కోస్తోంది.

"చెయ్యి ఇటివ్వమ్మా, ఒక్క నిమిషం."

"నాకేం లేదు. నువ్వెళ్లు పిన్నీ" అని మహిమ తల తిప్పకుండా పక్క మొక్కకు జరిగింది.