చైనా రైల్లో మా ఆయన రెండు వేళ్లు

మా ఆయన సత్తయ్యకు ఒక జబ్బుంది. ఎవరి ఒంటి మీద కొత్తరకం బట్ట కనిపించినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడందే ఊరుకోడు. సూరత్ గోడాదరాలో మాకు ఎనిమిది మగ్గాల కార్ఖానా ఉంది, వ్యాపారి సేఠ్ దారం ఇస్తే చీరలు నేసిస్తాం. పెళ్లయిన పాతికేళ్లలో చుట్టాల పెళ్లిళ్లకు తప్ప ఇద్దరం కలిసి ఎక్కడికీ పోలేదు. అందుకే, మన మగ్గాలు తయారైన చైనా చూసొద్దామని ఆయన అన్నప్పుడు నేనొక షరతు పెట్టాను.

“మగ్గం ముచ్చట తియ్యొద్దు. ఎవ్వల బట్ట ముట్టొద్దు. ఈ పది రోజులు నా దిక్కు జూడాలె.”

“ఒట్టు,” అన్నాడు, నా తల మీద చెయ్యి పెట్టి.

నిజం చెప్పాలంటే చైనా కన్నా ఆ పది రోజుల మీదే నాకు ఎక్కువ ఆశ.

బయల్దేరే ముందురోజు కార్ఖానా నుంచి నీలం చీర తెచ్చిచ్చాడు. మంచి చీరలు సేఠ్‌కు, పోగు తప్పినవి నా బీరువాకు. మొదటి నుంచీ మా ఇంట్లో ఇదే పద్ధతి. దీంట్లో మచ్చ ఎక్కడుందో చూడకుండానే సంచిలో పెట్టుకున్నాను.

సూరత్ పక్కనే ఉన్న ఉధ్నాలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి విమానంలో గ్వాంగ్‌జౌ. వీపున చెరో సంచి. టికెట్లన్నీ మా అమ్మాయే ఫోన్లో కొన్నది. “మమ్మీ, అక్కడ పాస్‌పోర్టే టికెట్. గేట్ పే దిఖానా, బస్,” గేటు దగ్గర చూపిస్తే చాలని నేర్పి పంపింది. వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, పాస్‌పోర్టు సంచి అడుగున దాస్తే వెనక వరసంతా మీ కోసం ఆగుతుంది. మా వెనక ఆగింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి చాంగ్షా పోయే పచ్చ రైలెక్కాం. ప్రతి పెట్టె చివరా మరిగే నీళ్ల కుళాయి ఉంటుంది, ఉచితం. జనమంతా ఫ్లాస్కులు పట్టుకుని దాని చుట్టే తిరుగుతుంటారు. నేనూ గిన్నె పట్టుకెళ్లి ఉప్మా రవ్వ నానబెట్టాను. మా ఆయన మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఎదుటివాడి కోటు అంత బాగుంది పాపం.

చాంగ్షాలో రెండు లాడ్జిలు విదేశీయులకు గది లేదన్నాయి, మూడోది ఇచ్చింది. అక్కడి కూరల్లో ఎండు మిరపకాయలు చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది. “గిది మనూరే!” అని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నది ఒడ్డున నా పక్కనే నడిచాడు. నా దిక్కే చూశాడు. గెలిచాననుకున్నాను.

హాంగ్‌జౌ పోయే పడక రైల్లో తెల్లారింది. ఎదుటి పడకలో ఆమె ఎర్ర శాలువా కొక్కేనికి తగిలించి వేణ్ణీళ్లకు వెళ్లింది. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి మా ఆయన ఆ శాలువా అంచు పట్టుకుని, తిరగేసి, వెనక నేత చూస్తున్నాడు. అప్పుడే ఆమె తిరిగొచ్చింది. గట్టిగా ఏదో అరిచింది. రైలు ఉద్యోగి కూడా వచ్చాడు.

సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. అంతకన్నా, ఒట్టు ఐదు రోజులు కూడా నిలవలేదని ఏడుపొచ్చింది. ఫోన్లో అనువాదం తెరిచి చెప్పాను: “మా ఆయన దొంగ కాదమ్మా. మగ్గాలోడు. బట్ట కనబడితే ఆగలేడు.”

ఫోను ఆ మాట చైనా భాషలో పలికింది. ఆమె ఒక్కసారి పకపకా నవ్వింది. తర్వాత నా నీలం చీర కొంగు అందుకుని, అచ్చం మా ఆయనలాగే నలిపి, తిరగేసి చూసింది. ఆమె మాట ఫోను తెలుగులో చెప్పింది: “చాలా శుభ్రమైన నేత. ఎక్కడా తప్పు లేదు.”

“సరిగ జూడు, ఉంటది,” అన్నాను నేను నవ్వుతూ. మా ఆయన నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

హాంగ్‌జౌలో సరస్సు చుట్టూ తిరిగినంతసేపూ ఆయనతో ముక్తసరిగానే మాట్లాడాను. షాంఘై పోయే బుల్లెట్ రైల్లో గ్లాసులో నీళ్లు కూడా కదలవు. శాలువా ఆమె మాట గుర్తొచ్చి ఆ నీలం చీర కొంగు నుంచి కుచ్చెళ్ల దాకా పట్టి చూశాను. ఒక్క పోగు తప్పలేదు.

“మచ్చ ఏడుంది?” అని అడిగాను.

“లేదు. ఫ్రెష్ మాల్. సేఠ్‌కు పోయే లాట్ల నుంచి తీసిన.”

“మరి సేఠ్‌కు ఏం జెప్పినవ్?”

“ఒక్క పీసు నా భార్యకని చెప్పిన. పరాయి దేశం బోతున్నవ్. మచ్చ చీర ఎట్ల కడ్తవే?”

పాతికేళ్లుగా నా దిక్కు చూడలేదని ఈ మనిషి మీద నేను మోసిన కోపమంతా ఆ సీట్లో నీరుకారిపోయింది. ఏడ్చాను కూడా.

చైనాలో రైళ్లు బాగున్నాయి, వేణ్ణీళ్లు ఇంకా బాగున్నాయి. ఇద్దరే వెళ్లండి, వీలైతే మంచి చీర కట్టుకుని వెళ్లండి. ఢిల్లీ నుంచి ఉధ్నా వచ్చే రైల్లో పక్కసీటాయన చొక్కా మీదికి మా ఆయన చూపు పోయింది. రెండు వేళ్లూ దగ్గరికొచ్చాయి. నేను ఆ చెయ్యి పట్టుకుని నా కొంగు అందించాను.

“ఇగో, ఇది జూస్కో. ఊరోళ్ల బట్టలెందుకు?”

సూరత్ వచ్చేదాకా ఆయన ఆ కొంగు వదల్లేదు.