చూడకుండా పెట్టిన సంతకం

నెల క్రితం ఒక ఉదయం గిన్నెలో పాలు పోస్తూ మా పాలతను "భాభీజీ, మాస్టర్‌జీ నహీ రహే" అన్నాడు. మాకు రెండు వీధుల అవతల ఉండే డ్రాయింగు మాస్టారు ఆ తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారట. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దుఃఖం కంటే ముందు నాకు ఒక ఆలోచన వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇక ఆయనకు చెప్పనక్కర్లేదు, అనుకున్నాను. ఆ వెంటనే, ఇక చెబుదామన్నా చెప్పలేనని తెలిసింది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను.

మాస్టారిది శ్రీకాకుళం వైపు. ఢిల్లీలో తెలుగు పిల్లలు చదివే ఒక బడిలో పాతికేళ్లు డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. మాది కరీంనగర్ దగ్గర. మావారి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంతో ఇక్కడికొచ్చాం. క్వార్టరు కోసం ఏళ్ల తరబడి చూసి విసిగి, నగరం పడమటి అంచున ఒక పల్లెను ఆనుకుని పొలాల్లో వెలసిన కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. కిటికీ తీస్తే ఆవచేలు. నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. కాలనీ మొత్తంలో తెలుగు ఇళ్లు రెండే, ఆయనదీ మాదీ.

మా అమ్మాయి సాయంత్రాలు ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకునేది. లోపలికి అడుగుపెట్టగానే పిల్లలందరినీ ఆయన అడిగే మొదటి ప్రశ్న, "దారిలో ఏటి చూసేవు?" ఏమీ చూడలేదంటే మళ్లీ గేటు దాకా వెళ్లి చూసి రమ్మనేవారు. ఆయన తెలుగులో అడిగితే మా పిల్ల హిందీలో జవాబిచ్చేది. నేను నొచ్చుకుంటే, "భాష తరవాత వస్తాది లేమ్మా. ముందు కన్ను రావాలి" అనేవారు. పెన్సిళ్లు బ్లేడుతో చెక్కి, ఆ పొట్టును కాగితంలో పొట్లం కట్టి పక్కన పెట్టేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

నాలుగేళ్ల క్రితం ప్లానింగు ఆఫీసు నుంచి మా కాలనీ సంఘానికి ఒక ఉత్తరం వచ్చింది. మా ప్రాంతంలో ఏ నేల దేనికి వాడాలో చెప్పే ప్లాను పాతబడిపోయిందనీ, దాన్ని తిరగరాస్తున్నామనీ, ఇప్పుడు ఏ జాగా దేనికి వాడుకలో ఉందో అక్కడివాళ్లే పటం మీద గుర్తించి పంపవచ్చనీ రాశారు. ఉత్తరంతో పాటు పాత పటం ఒకటి పెట్టారు. కాలనీ ప్రెసిడెంటు ఇంట్లో అందరం చుట్టూ వంగి చూశాం. మా వీధి ఉన్నచోట గోధుమ పొలం ఉంది. మా ఇల్లు ఉన్నచోట బావి ఉంది.

"అంటే మనం లేనే లేమా?" అన్నాడు ప్రెసిడెంటు, హిందీలో.

కొందరు నవ్వారు. మావారు నవ్వలేదు. పటంలో లేని ఇంటిని ఏ రోజైనా బుల్డోజరు తీసేయవచ్చని ఆఫీసు మనిషి కాబట్టి ఆయనకు తెలుసు.

పటం గీసే పని మాస్టారికి అప్పగించారు. ఆయన నన్ను తోడడిగారు. నా హిందీ బాగుంటుంది, చేతిరాత ఇంకా బాగుంటుంది. ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు టేపు ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని తిరిగాం. ఎండ ఉన్నా లేకపోయినా ఆయన చేతిలో గొడుగుండేది. ఏ జాగా దగ్గరికి వెళ్లినా కాసేపు ఊరికే నిలబడేవారు. "నిలబడి చూడని చోటు గీయకూడదమ్మా" అనేవారు. పిండిమర, గేదెల కొట్టం, పిడకలు ఎండబెట్టే గోడ, పల్లె ఆడవాళ్లు పొలానికి వెళ్లే కాలిబాట, అన్నీ ఎక్కించారు. నేను ప్రతిచోటా "ఇది ఎవరిది?" అని అడుగుతుంటే ఒకరోజు ఆపారు.

"ఎవరిదో రాయమని మనల్ని అడగలేదు. ఎవరు వాడుతున్నారో రాయమన్నారు. అది అడుగు."

కాలనీకి తూర్పున ఒక పల్లం ఉంది. అక్కడ అయిదు కుమ్మరి కుటుంబాలు మట్టి తవ్వి, కుండలు చేసి, అక్కడే ఆవం పెట్టి కాల్చేవి. వాళ్ల తాతల నాటి నుంచీ అదే చోటు. కాగితం మాత్రం లేదు, పల్లె ఉమ్మడి నేల. వాళ్లలో పెద్దావిడను అందరం కుమ్మరి దీదీ అనేవాళ్లం. మాస్టారు పటం చాప మీద పరిచి చూపిస్తే, "బహన్‌జీ, మాది ఏదీ?" అని నన్ను అడిగింది. 'కుమ్మరుల మట్టి నేల, వాడుకలో ఉంది' అని హిందీలో రాసినచోట చూపించి చదివి వినిపించాను. ఆవిడ ఆ అక్షరాలను తడి వేలుతో నెమ్మదిగా నిమిరింది. మట్టి మరక పడింది. ఆవిడ కంగారుపడితే మాస్టారు నవ్వేశారు.

ప్రెసిడెంటు నవ్వలేదు. మరక ఒక్కటే కాదు, ఆ రాతే ఆయనకు నచ్చలేదు. మనుషులు తిరగడానికి ఇంత ఖాళీ జాగా ఉందని చూపించకపోతే కాలనీకి గుర్తింపు రాదని ఎవరో ఆయనకు చెప్పారు. మాకున్న పెద్ద జాగా ఆ పల్లమే.

"మాస్టర్‌జీ, దాన్ని ఖాళీ స్థలం అని రాయండి. రేపు పార్కవుతుంది. మన పిల్లలకే కదా."

"ఖాళీ కాదు కదండీ. నేను వెళ్లినప్పుడల్లా మనుషులున్నారు."

"వాళ్లకు కాగితం లేదు."

"మనకుందా?" అన్నారు మాస్టారు.

ఆ మాటకు సంఘంలో చాలామంది ముఖాలు మాడిపోయాయి. అప్పటి నుంచీ ఆయన ఇంటి ముందు నుంచి పోతూ కూడా పలకరించనివాళ్లు ఉన్నారు.

మరక పడ్డ కాగితం పంపలేం కాబట్టి ఆయన కొత్త కాగితం మీద గీతలన్నీ మళ్లీ గీశారు. అక్షరాలు రాయడం నా వంతు. ఈలోగా ఆయనకు ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. కుడికంట్లో శుక్లం తీశారు. రెండో కంటికీ మసకే. కట్టు విప్పేలోపలే పటం పంపడానికి గడువు ముగుస్తుంది.

ఆ సాయంత్రం ప్రెసిడెంటు మా ఇంటికొచ్చాడు. నాతో పెద్దగా మాట్లాడలేదు, మావారితో మాట్లాడాడు. టీ తాగి వెళ్లాడు. ఆయన వెళ్లాక మావారు నా పక్కన కూర్చున్నారు.

"రెండు ముక్కలు మారిస్తే ఏమైతది? మన ఇల్లు నిలవడ్తది."

"మాస్టారు ఒప్పుకోరు."

"ఆయనకు అడ్గకు. రాసేది నువ్వే గద."

"వాళ్లు ఏడికి పోవాలె మరి?"

"మన ఇల్లు కూలితే మనం ఏడికి పోవాలె?"

 మావారు చెడ్డవారు కాదు, భయపడ్డారు. నేనూ భయపడ్డాను. తలుపు అవతల మా పిల్ల లెక్కలు చేసుకుంటోంది. 'ఖాళీ స్థలం' అని రాశాను. మిగతా అక్షరాలెంత బాగా వచ్చాయో అవీ అంత బాగానే వచ్చాయి.

మర్నాడు సంతకం కోసం తీసుకెళ్లాను. మాస్టారు కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆయన భార్య కాఫీ పెట్టడానికి లోపలికెళ్లింది. పెన్ను ఆయన చేతికిచ్చి, వేళ్లు పట్టుకుని సంతకం పెట్టవలసిన చోట ఆనించాను.

"అన్నీ ఉన్నాయామ్మా?"

"ఉన్నయి మాస్టారూ."

సంతకం పెట్టేశారు.

కొన్ని వారాలకు, జనం అభ్యంతరాలు చెప్పడానికి ప్లాను ముసాయిదాను ఆఫీసు గోడకు అంటించారు. మాస్టారు కొత్త కళ్లద్దాలతో బస్సెక్కి వెళ్లి చూసి వచ్చారు. ఆ సాయంత్రం మా అమ్మాయి ఇంటికొచ్చి, ఈరోజు దారిలో ఏం చూశావని మాస్టారు తాతగారు అడగలేదని చెప్పింది. నాకు అర్థమైపోయింది. రెండు రోజులు వంటింట్లోంచి బయటికి రాకుండా గడిపాను. మూడో రోజు ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, రేపు ఆఫీసులో విచారణ ఉంది. కుమ్మరి ఆవిణ్ణి తీసుకెళ్తున్నాను. ఆవిడకి తోడుగా నువ్వుంటే బాగుంటాది."

 నేను రానని అనలేకపోయాను.

విచారణ గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. నేనూ దీదీ వెనక బెంచీలో కూర్చున్నాం. అధికారి పటం తిప్పి చూసి మాస్టారిని అడిగాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఇందులో ఖాళీ స్థలమని ఉంది. ఇప్పుడు ఖాళీ కాదంటున్నారు. మీ అభ్యంతరం ఎవరి మీద?"

"నా మీదే. నేను చూడకుండా సంతకం పెట్టాను. తప్పు నాది."

గదిలో ఒకరిద్దరు నవ్వారు. అక్షరాలు ఎవరు రాశారని అధికారి అడిగాడు. మాస్టారు, "సంతకం నాదండీ, బాధ్యత నాది" అని మళ్లీ అదే చెప్పారు. నేను లేచి, 'రాసింది నేను, ఆయనకు అబద్ధం చెప్పాను' అంటే సరిపోయేది. నా పక్కన దీదీ నా చేయి పట్టుకుని ఉంది, భయంతో. ఆ చేతిలోంచి నా చేయి తీసుకుని లేవడానికి ఎంతసేపు పడుతుంది? నేను లేవలేదు. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్పే మనిషి మాట పరిగణించలేమని అధికారి రాసుకున్నాడు.

తిరుగు బస్సులో ఆయన నా ముందు సీట్లో కూర్చున్నారు. మా స్టాపు దగ్గరపడుతుండగా వెనక్కి తిరిగి చూడకుండానే అన్నారు.

"నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయమ్మా. చదివినవాడు నమ్మేస్తాడు. జాగ్రత్తగా వాడుకో."

ఆయన నాతో ఆ సంగతి ఎత్తింది అదొక్కసారే. తర్వాత కూడా మా అమ్మాయికి బొమ్మలు నేర్పారు. పండగలకు అరిసెలు పంపితే తీసుకున్నారు. నేను ఎన్నోసార్లు ఆ గేటు దాకా వెళ్లి, పిల్లను పిలుచుకుని వచ్చేశాను. ఆయన నన్ను క్షమించారో, కోపాన్ని లోపలే పెట్టుకున్నారో నాకు తెలియదు. కోపమే అయి ఉంటే మా పిల్ల మీద ఒక్కరోజు కూడా పడలేదు. ఆమె ఇప్పుడు ఏ చెట్టును చూసినా కాసేపు ఆగుతుంది. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను. కాలనీకి గుర్తింపు ఇంకా రాలేదు. పల్లం చుట్టూ గోడ కట్టారు, లోపల గడ్డి సరిగ్గా మొలవలేదు.

ఆ గోడ కట్టడానికి ముందే కుమ్మరుల చేత పల్లం ఖాళీ చేయించారు. వాళ్లు వెళ్లిపోయిన రోజు నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. రెండు బండ్లు మా వీధి చివర నుంచి పోతున్నాయి. మొదటి దాంట్లో మంచాలు, పిల్లలు, దీదీ. రెండో దాంట్లో సామాన్ల పైన బరువైన కుమ్మరి సారె. తాడు చాలక అది ప్రతి గుంతకూ ఒరిగిపోతోంది. మాస్టారు గొడుగు చంకలో పెట్టుకుని, ఒక చేయి ఎత్తి సారెను పట్టుకుని బండి పక్కనే నడుస్తున్నారు. ఆవచేల మధ్య ఆయన తెల్లచొక్కా చాలా దూరం కనిపించింది. పెద్ద రోడ్డు మలుపు దగ్గర ఎద్దులు వేగం అందుకున్నాయి. అప్పుడైనా వదిలేస్తారనుకున్నాను. ఆయన చేయి తియ్యలేదు, బండితో పాటు తనూ అడుగుల వేగం పెంచారు.