దారం ఉండతో డేటాబేస్ చెప్పిన సారు

మా డేటాబేస్ సారు పోయారు. మొన్న పంజాగుట్టలో మా ఆఫీసు లిఫ్టు కోసం నిలబడి ఉంటే, అప్పట్లో నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. లిఫ్టు వచ్చింది, వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చింది. నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. కాసేపటికి నవ్వు కూడా వచ్చింది. ఆయన్ని తలుచుకుంటే నవ్వు రాకుండా ఉండదు, ఏం చేయను.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. డిగ్రీ చేతపట్టుకుని గుంటూరు నుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో పడ్డాను. అమీర్‌పేటలో ఏ మేడ ఎక్కినా ఒక ఇన్‌స్టిట్యూట్, అందులో ఉచితంగా ఒక డెమో క్లాసు. నచ్చితే చేరతాం, లేదంటే పక్క మేడ ఎక్కుతాం. డెమోలు వినడంలో నేను ఆరితేరిపోయాను. అలా ఒకరోజు టిఫిన్ సెంటర్ పైనున్న సారు డెమోలో కూర్చున్నాను.

బక్కపల్చటి మనిషి. చాక్‌పీసులు చొక్కా జేబులో వేసుకునేవారు, జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. "అర్థమైందా?" అని ఎన్నడూ అడగలేదు. "ఎక్కడ ఆగింది?" అని అడిగేవారు. ఆ రోజు క్లాసు మొదలవకముందే ఇన్‌స్టిట్యూట్ యజమాని తలుపు దగ్గరికి వచ్చి మా అందరి ముందే అనేశాడు.

"ఏంటి సార్, అందరూ ఇంటర్వ్యూ ప్రశ్నలు అడుగుతుంటే మీరు బొమ్మలు గీస్తానంటారు. ఈ డెమోకి కూడా ఎవరూ చేరకపోతే మీ క్లాసు తీసేద్దామండి."

నాకే మనసు చివుక్కుమంది. సారు మాత్రం, "సరే సార్. క్లాసయినంక అడుగుండ్రి" అని, సంచిలోంచి పార్సిళ్ళు కట్టే దారం ఉండ తీశారు.

ట్రావెల్స్ ఆఫీసులో ముగ్గురు ఒకేసారి కంప్యూటర్ల ముందు కూర్చుని బుకింగులు చేస్తున్నారనుకోమన్నారు. ఒక్కొక్కరి పని ఒక ట్రాన్సాక్షన్. పనులు కలగాపులగంగా నడిచినా, చివరికి ఒకరి తర్వాత ఒకరు చేసినట్టే తేలాలి. తేలితే దాన్ని సీరియలైజబుల్ అంటారు. తేలుతుందో లేదో చూడ్డానికి మమ్మల్ని ముగ్గుర్ని లేపారు. ఒకరు నేను. ఇంకొకరు సినిమాల్లో గుంపులో నిలబడే కృష్ణానగర్ కుర్రాడు. మూడో మనిషి మాసబ్ ట్యాంక్‌లో గవర్నమెంటు ఉద్యోగం చేసే ఒక అక్క.

నేను బస్సు సీట్ల లెక్క చూశాక కుర్రాడు దాన్ని మార్చాడు. నేను చూసింది అతను మార్చకముందున్న లెక్క, అంటే నేను అతనికన్నా ముందు. దారం మొదలు నా చేతిలో, కొస అతని వేలికి. అతను హోటల్ గదుల లెక్క చూశాక అక్క దాన్ని మార్చింది. కొస అక్క వేలికి. అక్క టాక్సీల లెక్క చూశాక నేను దాన్ని మార్చాను. కొస నా వేలికి.

"ఇప్పుడు చెప్పుండ్రి, ముందుగాల ఎవరి పని?" అన్నారు సారు.

"నాదే" అన్నాడు కుర్రాడు.

"నీ వేలికి గీ పిల్ల దారం ఉన్నది కదా."

"అయితే ఆమె ముందు."

"నా వేలికి అక్క దారం ఉంది" అన్నాను.

"నాకేమో ఈ బాబుది" అంది అక్క.

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. వెనక బెంచీ నుంచి ఎవరో, "సార్, ఇది గుండ్రంగా తిరుగుతున్నది!" అని అరిచారు. నా ఒళ్ళు జలదరించింది, నిజం.

"గదే! ఇద్దరిద్దరిని చూస్తే మస్తు మంచోళ్ళు. ముగ్గుర్ని కలిపి చూస్తేనే లొల్లి. దారం తిరిగి మొదటికొస్తే ఇగ వరస లేనట్టే."

బోర్డు మీద మూడు సున్నాలు, వాటి మధ్య బాణాలు గీసి, దీన్నే గ్రాఫ్ అంటారన్నారు. ఇవాళ్టికీ ఎవరైనా ప్రోగ్రాం తెచ్చి "టెస్టులో బాగానే వచ్చింది మేడమ్" అంటే బాణాలు గీయమంటాను. "ఒకసారి బాగ వచ్చుడు వేరు, ఎప్పటికీ బాగ వచ్చుడు వేరు" అనేవారు సారు. నేను తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే.

తర్వాత, టాక్సీల లెక్కను అక్క చూడకముందే నేను మార్చాననుకోమని, ఆ ఒక్క దారం తిప్పి కట్టారు. నా వేలు ఖాళీ అయింది. వేలికి దారం లేనివాళ్ళు ముందు. నేను నా దారాలు తీసుకుని పక్కకి జరగ్గానే కుర్రాడి వేలు ఖాళీ, ఆపైన అక్కది. వరస దానంతట అదే విప్పుకుంది. గదంతా చప్పట్లు. మా చేత మళ్ళీ అదే వరసలో దారాలు పట్టించారు.

అప్పుడే యజమాని వచ్చాడు. "టైమైంది సార్. ఎంతమంది చేరుతున్నారు?"

"ఫికర్ చెయ్యకుండ్రి. జర గీ కొస పట్టుకోండ్రి, నాలుగో మనిషి కావాలె."

అక్క చూసిన ఇంకేదో లెక్క ఆయన మార్చాడన్నారు. అక్క దారం కొస యజమాని వేలికి చుట్టారు. ఆయన వేలిని చూసుకున్నాడు, దారం వెంట అక్కని, కుర్రాణ్ణి, నన్ను చూశాడు. అంతలో రిసెప్షన్ నుంచి పిలుపొచ్చింది, ఫోన్ అని.

"ఆగవయ్యా" అన్నాడాయన కదలకుండా. "నా ముందు ఇంకా ముగ్గురున్నారు."

ఆ క్లాసు తీసెయ్యలేదు. యజమాని ఆ మాట అనేటప్పటికే సారు మా వైపు వీపు పెట్టి, ఉత్సాహంగా నాలుగో సున్నా గీస్తున్నారు. ఎంతమంది చేరారో ఆయన వెనక్కి తిరిగి చూడనే లేదు.