అమ్మ తిప్పిపెట్టిన చెప్పులు

మా చిన్నప్పుడు... బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో మా రేకుల ఇళ్ల వరస చివర ఒక ప్రార్థన గది ఉండేది. ఆదివారం పొద్దున అందరూ గడప బయట చెప్పులు విడిచి, లోపల చాపల మీద కూర్చునేవాళ్లు. ఆఖరి పాట మొదలవగానే మా అమ్మ మెల్లగా లేచి బయటికొచ్చేది. కొంగు నడుముకు దోపి, వంగి, ఒక్కొక్కరి చెప్పులూ బయటివైపుకు తిప్పి పెట్టేది... వచ్చినవాళ్లు వచ్చినట్టే కాళ్లు పెట్టుకుని వెళ్లిపోవడానికి.

ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను అడిగితే, ఏసయ్య శిష్యుల కాళ్లే కడిగినాడంట, నేను చెప్పులు తిప్పితే ఏం పోతాది అనేది.

నాకు ఒళ్లు మండేది. ఆరు రోజులు గార కలిపి, ఇసుక గంపలు మోసి, కనబడిన ప్రతివాడి ముందూ వంగుతుంది కదా... ఏడో రోజు చెప్పుల దగ్గర కూడా వంగాలా?

నాన్న పోయాక నన్ను చంకనేసుకుని కదిరి వైపు నుంచి వచ్చిన మనిషి ఆమె. పక్కింటామె వెంట ఒకసారి ప్రార్థనకు వెళ్లి, ఇక అక్కడి మనిషే అయిపోయింది. ఆదివారం ప్రార్థనయ్యాక ఇంటికొచ్చి, సంగటిలోకి ఊరిబిండి నంజుకుని తిని, చెయ్యి కడుక్కుని, పైకి చూసి ఒక్క మాట అనేది... "సాలు సామీ" అని. చాప పరిచి పడుకునేది. పట్టపగలు, వీధంతా ఏదో ఒక పని మీద ఉంటే, మా ఇంట్లో మాత్రం నిద్ర. ఆ 'సాలు' వింటే కూడా నాకు కోపమే. ఏం ఉందని చాలు?

అమ్మ పనిచేసే చోట మేస్త్రీ కూడా అదే ప్రార్థనకు వచ్చేవాడు. ముందు వరసలో కూర్చునేవాడు. కానీ స్లాబు మాత్రం ఆదివారమే వేయించేవాడు. బావమరిదిని అక్కడ నిలబెట్టి, తను ఇక్కడ కళ్లు మూసుకుని పాటలు పాడేవాడు. మా అమ్మ ఒక్కతే ఆదివారం పనికి వెళ్లేది కాదు.

ఒక శనివారం సాయంత్రం నేను అమ్మ కోసం అక్కడే ఉన్నాను. కూలీలందరి ముందూ ఆమెను నిలబెట్టి అన్నాడు. "దేవుడు నీ ఒక్కదానికే ఉండాడా? రేపు స్లాబుకు రాకుంటే సోమవారం గూడా రావద్దు."

"రానులే అన్నా" అంది అమ్మ. గంప కడిగి, బోర్లించి వచ్చేసింది. అంతే... పని పోయింది.

మర్నాడు ప్రార్థనలో ఆయన ముందు వరసలోనే ఉన్నాడు. ఆఖరి పాటకు అమ్మ లేచింది. వెనకే నేనూ వెళ్లాను. అందరి చెప్పులతో పాటు ఆయనవీ తిప్పిపెట్టింది! అమ్మ లోపలికి వెళ్లగానే, నల్ల తోలువి, సున్నం మరకలున్నవి చూసి, ఆయనవే అనుకుని, తీసి పక్కనున్న మురుగు మోరీలోకి విసిరేశాను.

మా వరసలో అందరూ కట్టడం పనివాళ్లే. సున్నం మరక లేని చెప్పు ఎవరికుంటుంది? ఆ ఆలోచన నాకు తట్టలేదు.

ప్రార్థన అయిపోయింది. మేస్త్రీ బయటికొచ్చాడు. కిందికి కూడా చూడలేదు. అమ్మ తిప్పిపెట్టిన తన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని దర్జాగా వెళ్లిపోయాడు. చివరికి ఉత్త కాళ్లతో మిగిలింది వాచ్‌మన్ ఎల్లప్ప తాత.

అమ్మ నా మొహం చూసింది. అడగలేదు, కొట్టలేదు. మోరీలోకి చెయ్యి పెట్టి ఆ చెప్పులు తీసి, కుళాయి కింద కడిగి, కొంగుతో తుడిచి తాత ముందు పెట్టింది... బయటివైపుకు తిప్పి. నేనే పారేశానని నా చేతే చెప్పించింది. తాత నవ్వి, "సల్లగా ఉండాయిలే పాపా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి తిన్నాం. "సాలు సామీ" అంది. చాప పరిచింది. రేపటికి పని లేదు, ఈమె పడుకుంటోంది! భుజం పట్టి కుదిపాను. నీకు కోపం రాదా అని అరిచాను.

కళ్లు తెరవకుండానే చెప్పింది. "వస్తాది పాపా, రాకేమి. ఆదివారం దానికి గూడా పని చెప్పను."

నిమిషంలో నిద్రపోయింది. నేను పక్కనే కూర్చుని పళ్లు నూరుకున్నాను.

ఆ తర్వాత జిగణిలో రాళ్లు పాలిష్ పట్టే చోట ఊడ్చే పని దొరికింది. చేరేముందే ఆదివారం రానని చెప్పిందట. కూలి తగ్గింది. 'సాలు' మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు ఆ ప్రార్థన గది లేదు. పెద్ద హాలు కట్టారు, కుర్చీలు వేశారు, బూట్లతోనే లోపలికి వెళ్లొచ్చు. ఆఖరి పాటకు అమ్మ చేతులు ఊరికే ఒళ్లో ఉంటాయి. ఆ హాలు చూస్తే నాకు చిరాకు.

అంతకంటే చిరాకు నా మీద నాకు. అదే హొసూరు రోడ్డు మీద ఏసీ ఆఫీసులో ఉద్యోగం నాది. నన్నెవరూ రావద్దని బెదిరించరు. ఆదివారం ఫోన్ చేసి, "ఒక్క పది నిమిషాలు" అంటారు తియ్యగా... పరిగెత్తుతాను. అందరి చెప్పుల దగ్గరా వంగిన అమ్మ, మేస్త్రీ మొహం మీద రానని చెప్పింది. వంగనని విర్రవీగిన నేను ఒక్కసారీ చెప్పలేకపోయాను.

పోయిన ఆదివారం అమ్మ మా ఇంట్లో ఉంది. తిని, చాప మీద నిద్రపోతోంది. ఫోన్ మోగింది. సరే వస్తున్నానని చెప్పి, బ్యాగు తీసుకుని చప్పుడు కాకుండా గుమ్మం దాకా వెళ్లాను.

నా చెప్పులు లోపలివైపుకు తిప్పి ఉన్నాయి.

ఇన్నేళ్లలో ఆమె ఎవరి చెప్పులూ అలా పెట్టలేదు. కోపం వచ్చింది... ఏడుపూ వచ్చింది. బ్యాగు అక్కడే దించి, వెళ్లి ఆమె పక్కన పడుకున్నాను. నిద్ర రాలేదు. అలవాటు లేదు కదా.

మీ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం హాయిగా పడుకునేవాళ్లు ఎవరైనా ఉండేవాళ్లా? వాళ్ల గురించి చెప్పండి, చదువుతాను. "ఒక్క పది నిమిషాలు" బాపతు మాత్రం ఇక్కడికి రావద్దు...