పన్నెండు ముళ్ల చేప

ఆ రోజుల్లో గ్రంథాలయం బెంచీ మీద కూర్చుని చదివినవాడికి తెలియనిదేదీ ఉండదని నా గట్టి నమ్మకం. పదో తరగతి తప్పి, తిరుపతిలో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో టెంపరరీ అటెండరుగా చేరాను. సాయంత్రమైతే ఒక చేత డిక్షనరీ, ఇంకో చేత చేపల పుస్తకం. (డిక్షనరీయే ఎక్కువ నలిగింది.)

పరీక్షలకు ముందు, చచ్చిన జంతువులను నిలవ ఉంచిన సీసాల్లో ఫార్మలిన్ మార్చడం నా పని. ఆ ఏడు ఉత్సాహం ఎక్కువై సీసాలను బయట కూడా తోమేశాను. మైదా జిగురుతో అంటించిన చీటీలన్నీ ఊడి తొట్టిలో తేలాయి. తక్కినవాటిని చూడగానే గుర్తుపట్టి సర్దాను గానీ, రాస్ అనే జాతి చేపలు రెండింటి దగ్గర చిక్కొచ్చింది. రెండూ సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర బతికేవే. ఒకటి ఒడ్డు దగ్గరిది, రెండోది బాగా లోతు దిబ్బలది. లోతుది ప్రాణంతో ఉన్నప్పుడు ఎర్రగా ఉంటుందట. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి నాని రెండూ ఉడకబెట్టినట్టు తెల్లబడ్డాయి, ఒకదానికి మాత్రం కాస్త గులాబి ఛాయ ఉంది.

మా ల్యాబు చూసే కళ్లద్దాల సారు ఆ సీసానే చూపించాడు. "ఈ ఎర్రది సూడు, ఇదే లోతుది. అంటించు. రేపు పరీక్షకు బయటి సారు వస్తాడు. చీటీ తప్పయిందంటే సోమవారం నించి నువ్వు ఈడికి రావద్దు."

"అది కాదు సార్, రెండోది. వీపు రెక్కకు పన్నెండు ముళ్లుండాయి. ఒడ్డుదానికి తొమ్మిదేనని పుస్తకంలో ఉండాది."

"మరి దీనికి ఈ రంగు యాడిదిరా?"

నా గొంతు సగానికి పడిపోయింది. "నిరుడు నేనే కాగితం ముక్క మీద ఎర్రసిరాతో నంబరు రాసి లోపలేసినాను సార్. సిరా కరిగి దానికి పట్టుకునింది."

"చేపకు పారాణి పెట్టినావా అబ్బా!" సారు నెత్తి కొట్టుకున్నాడు. "నీ ఉద్యోగం, నీ ఇష్టం. అంటించుకో పో."

మర్నాడు బయటి సారు నేరుగా నేను లోతుదని చీటీ అంటించిన సీసా దగ్గరికే వచ్చాడు. చేపను ట్రేలో పడుకోబెట్టి సూదితో ముళ్లు లెక్కపెట్టసాగాడు. తొమ్మిది దగ్గర ఆగి రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు (ఫార్మలిన్ ఘాటు). నా ఉద్యోగం ఆ రుమాలులో ఉంది. "పది... పదకొండు... పన్నెండు! ఈ రెండింటినీ తారుమారు చేయని ల్యాబు ఇదేనప్పా. ఎవరు అంటించింది?"

కళ్లద్దాల సారు నా భుజం మీద చెయ్యేశాడు. "మావాడే సార్. పట్టినాడంటే ఇడవడు."

ఆ సాయంత్రం చొక్కా నిండా ఫార్మలిన్ వాసనతో, ఏ లోతుల్లోనో ఈది వచ్చినవాడిలా రొమ్ము విరుచుకుని బజారంతా తిరిగాను. ఎదురైన ప్రతివాడికీ సముద్రం గురించి చెప్పాను. పాపం, అందరూ శ్రద్ధగా విన్నారు. అప్పటికి నేను సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు; చూశావా అని ఎవ్వరూ అడగలేదు.